కొరియర్ ఆఫీసు ముందు ధర్నా

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. టెంటు వేసి, మైకు పెట్టి, పేపర్లో ఫొటో వేయించుకుని మరీ చేసినవాణ్ణి మాత్రం మా మూడు ఊళ్లలో నేనొక్కణ్ణే అనుకుంటాను. మా మీద రుసుము పెంచిన కంపెనీ ఎక్కడుందో నాకు తెలియదు. అందుకని జగిత్యాలలో ఒక కొరియర్ ఆఫీసు ముందు ధర్నాకు కూర్చున్నాను. ఆ ఆఫీసువాళ్లు మాకు చేసిన అపకారమల్లా మా పార్సిళ్లు పగలకుండా చేర్చడమే.

ఇది నా తెలివితక్కువలో చిన్న భాగం. దీన్ని పెళ్లిళ్లలో, బస్సుల్లో చెప్పి చాలామందిని నవ్వించాను. నవ్విన తర్వాత ఎవరైనా "మరి ఆ సమ్మె ఏమైంది?" అని అడిగితే నీళ్లు నమిలేవాణ్ణి. ఆ నమిలినదంతా ఇప్పుడు రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. మా నాన్న చేతిమగ్గం మీద నేత నేర్చుకుని సాంచాల మీద ముసలివాడయ్యాడు. పవర్‌లూమును మా ఊళ్లో సాంచ అంటారు. నేను డిగ్రీ చదివాను. ఆ డిగ్రీని భీవండి తీసుకువెళ్లి అక్కడి సాంచాలకు చూపించాను, అవి పట్టించుకోలేదు. కొన్నేళ్లు అక్కడ నేసి, హిందీ, దగ్గు రెండూ నేర్చుకుని తిరిగి వచ్చాను. వచ్చేసరికి మా ఊళ్లోనే ఆర్డర్లు లేక సాంచాలను తుక్కు కింద తూకం వేసి అమ్ముతున్నారు. నేను ఒక నూలు దుకాణంలో గుమాస్తాగా కుదిరాను.

మా అటక మీద నాన్న చేతిమగ్గం నాటి నాడెలు ఒక బస్తాడు ఉండేవి. నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తుతూ పేక దారాన్ని మోసుకుపోయే చిన్న కొయ్య పడవ. ఫోనులో ఒక వేలం అంగడి ఉందని ఎవరో చెబితే, ఒక నాడెను నూనె గుడ్డతో తుడిచి ఫొటో తీసి పెట్టాను. ఆ అంగడిలో వస్తువు పెడితే దేశంలో ఎవరైనా పాట పాడవచ్చు. గడువు ముగిసేసరికి ఎవరి పాట పైన ఉంటే వస్తువు వాళ్లది. బెంగళూరు నుంచి ఎవరో పాడుకున్నారు. గోడకు తగిలించి దాని మీద చిన్న దీపాలు పెట్టుకుంటారట. మొత్తానికి మా నాన్న నాడె వేలానికి వెళ్లి, గోడకు వేలాడింది. ఈ సంగతి చెబితే నాన్న, "గోడ ఏం నేస్తదిరా?" అని అడిగాడు.

అదే అంగడిలో అమ్మేవాళ్లు మా వైపు ఇంకా పాతిక మంది దాకా ఉన్నారని తర్వాత తెలిసింది. అందరం ఒక వాట్సాప్ గుంపు పెట్టుకున్నాం. అందులో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు కోరుట్ల కాక. గల్ఫులో చాలాకాలం బండి నడిపి వచ్చి, అక్కడినుంచి మనవాళ్లు తెచ్చుకున్న పాత చేతిగడియారాలు అమ్మేవాడు. నన్ను ఎప్పుడూ "లీడర్ సాబ్" అనేవాడు. అది పొగడ్త కాదని తెలుసుకోవడానికి నాకు సమ్మె దాకా పట్టింది.

రెండో మనిషి కథలాపూర్ చెల్లె. మొదటిసారి కలిసినప్పుడే నన్ను అన్నా అంది కాబట్టి చెల్లె అయింది. వాళ్లది కల్లు గీతకు తాళ్లెక్కే కుటుంబం. ఆమె భర్త ఒకసారి చెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము బాగయింది గానీ ధైర్యం బాగవలేదు. చెట్టు ఎక్కలేక విమానం ఎక్కి మస్కట్ పోయాడు. ఈమె పదో తరగతి దాకా చదివింది. పెళ్లయ్యాక బీడీలు చుట్టింది. తర్వాత ఈ అంగడిలో దుబాయ్ టేపులు అమ్మడం మొదలుపెట్టింది.

మా జిల్లాల్లో ఎవరింటికి వెళ్లినా అలమారలో రెండు స్పీకర్ల టేప్‌రికార్డరు ఒకటి కనిపిస్తుంది, మీద పూల కుట్టు గుడ్డ కప్పుకుని. ఇంటి మగమనిషి ఎప్పుడో గల్ఫు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఉంటాడు. అది మోగదు, దాన్ని పారేయబుద్ధీ కాదు. చెల్లె ఊరూరా తిరిగి వాటిని కొనేది. అమ్మే ఇంటివాళ్లది ఒక పట్టింపు ఉండేది: ఇల్లు దాటేముందు అది ఒక్కసారి మోగాలి. అందుకని ఆమె సంచిలో ఒక క్యాసెట్టు, కొన్ని రబ్బరు బెల్టులు, దూదీ ఎప్పుడూ ఉండేవి. అక్కడే కూర్చుని బాగుచేసి, ఒక పాట వినిపించి, ఆ ఇంట్లో ముసలామె కళ్లు తుడుచుకున్నాక గానీ టేపు ఎత్తుకునేది కాదు. పూణేలో, కొచ్చిలో వీటిని పోగుచేసే పిచ్చివాళ్లు ఉన్నారు. వాళ్లు పోటీపడి పాట పెంచేవాళ్లు. సరుకు అందాక ఆమె దుకాణం కింద మంచిమాటలు రాసేవాళ్లు. ఇంగ్లీషులో ఉన్నవాటిని ఆమె నాకు పంపేది, నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. చెప్పేటప్పుడు అంచుకు కాస్త జరీ వేసేవాణ్ణి, అది మా కులవృత్తి.

ఆ దుకాణం మీద ఆమె ఒక పెద్ద లెక్క పెట్టుకుంది. మస్కట్‌లో భర్త పని ఒప్పందం ముగియవస్తోంది. ఉంటాడో, వెళ్లిపోతాడో అక్కడ పనికి పెట్టుకున్న యజమానికి, అంటే కఫీలుకు, ముందే చెప్పాలి. "గీసారి సంతకం పెట్టకు, అచ్చెయ్యి. దుకాణం నడుస్తున్నది గదా, ఇద్దరం కలిసి తిరుగుదాం" అని ఆమె ఆయనకు చెప్పేసింది. నాతో కూడా అంది, "బిడ్డకు ఐదేండ్లు నిండుతున్నయి అన్నా. నాయిన అంటే ఫోన్ల ఉండే మనిషి అనుకుంటున్నది."

ఇట్లా ఉండగా అంగడివాళ్ల దగ్గర్నుంచి పెద్ద ఇంగ్లీషు ప్రకటన ఒకటి వచ్చింది. అమ్మకం మీద తీసుకునే రుసుము పెంచారు. అమ్ముడు పోయినా పోకపోయినా వస్తువు పెట్టినందుకే ఇంకో రుసుము వేశారు. కొన్నవాళ్లు కారణం చెప్పకుండా వాపసు పంపవచ్చు. అమ్మినవాళ్లు మాత్రం కొన్నవాళ్ల గురించి ఒక్క చెడ్డమాట రాయకూడదు. రుసుము పెరిగేసరికి మా గుంపులో రుసరుసలు పెరిగాయి. ఎవరో "ఇంగ్లీషు అచ్చినోళ్లు జెర సదివి చెప్పున్రి" అన్నారు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనే అనుకున్నాను. మొదటి రెండు పేజీలు చదివాను. రక్తం మరిగింది. మిగిలిన పేజీలు చదవలేదు. ఖండించడానికి అంత చదవాలా అనుకున్నాను.

కోరుట్ల బస్టాండు దగ్గర ఒక హోటల్లో అందరం కలిశాం. చాయ్‌లు వచ్చాయి. నేను లేచి నిలబడి మాట్లాడాను. కూర్చుని మాట్లాడినా వినిపించేంత చిన్న హోటలు అది. మా సిరిసిల్లలో సమ్మె ఎలా జరుగుతుందో వాళ్లకు చెప్పాను.

మా ఊళ్లో సమ్మెకు చెవులే కాపలా. సాంచాలన్నీ ఆగిన రోజు ఊరికి జ్వరం తగ్గినట్టు ఉంటుంది. ఎక్కడైనా ఒక్క సాంచ నడిచినా నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంది. అప్పుడు జనం పోయి ఆ షెడ్డు ముందు నిలబడతారు. తిట్టరు, కొట్టరు. ఊరికే నిలబడతారు. లోపలివాడికి కాసేపటికి చెయ్యాడదు, ఆపేస్తాడు. సమ్మెలో సాంచ నడిపినవాడని పేరు పడితే అది వాడి కొడుకు పెళ్లిచూపుల దాకా వస్తుంది. సగం నేసిన బట్ట మీదే ఆపేసినా ఫరవాలేదు. పడుగు అలగదు, పేక కోప్పడదు. సమ్మె ముగిశాక ఏ పోగు దగ్గర ఆగిందో ఆ పోగు దగ్గరే మళ్లీ మొదలవుతుంది. నాకు తెలిసిన సమ్మె అదొక్కటే. ఫోనులోని అంగడికి కూడా అదే తొడిగాను. రేపు సాయంత్రం ఆరింటికి అందరం మన సరుకంతా ఒకేసారి తీసేద్దాం, అంగడిలో మన మూలంతా నిశ్శబ్దం అయిపోవాలి, అప్పుడు సేటు తనే బయటికి వస్తాడు అన్నాను.

"సేటు ఏడికెల్లి అస్తడు లీడర్ సాబ్? బెంగుళూరు నుంచా, అమెరికా నుంచా?" అన్నాడు కాక.

"ఏడికెల్లి అస్తే ఏంది కాకా, రావుడు ముఖ్యం" అన్నాను. కొందరు చప్పట్లు కొట్టారు. చప్పట్లు చెడ్డవి.

అప్పుడు చెల్లె గ్లాసు కింద పెట్టి అడిగింది. "అన్నా, నాయి మూడు టేపులు పాటల ఉన్నయి. పెద్ద టేపు మీద ఇద్దరు పోటీ పడుతున్నరు. ఎల్లుండికి అయిపోతయి. గా మూడు అయినంక తీస్తనే."

సమంజసమైన మాట. నేను ఒప్పుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ నాకు ఆ క్షణంలో మూడు టేపులు కనిపించలేదు. అందరూ ఆపేసిన ఊళ్లో నడుస్తున్న మూడు సాంచాలు వినిపించాయి.

"సమ్మె అంటే సమ్మెనే చెల్లె. గీడ అందరు బందు పెట్టుకోని కూసుంటె, నీ ఒక్కదానియి నడుస్తె రేపు మా మొఖాలు ఎట్ల చూస్తవ్?" అన్నాను.

అందరిలో అన్నాను. ఆమె ముఖం ఎర్రబడింది. "నేను నడుపుత అన్నానా అన్నా? పాట పాడినోళ్లకు మాట ఇచ్చినట్టు గదా అని అడిగిన, గంతే" అంది. తర్వాత తల వంచుకుని, "సరే తియ్యి. అందరితోని నేను" అంది. నేను గెలిచినట్టు చాయ్ తాగాను.

మర్నాడు సాయంత్రం అందరం సరుకు తీసేశాం. నా నాడెలు నేను ఒక్క వేటులో తీసేశాను. వాటి మీద ఒక్కరు కూడా పాట పాడి లేరు. త్యాగానికి అంతకన్నా అనువైన సమయం లేదు. చెల్లె తన మూడు టేపులనూ పాట మధ్యలోంచి తీసేసింది. కాక మాత్రం తన ఫోను నీళ్లలో పడిందన్నాడు.

సేటు బయటికి రాలేదు. అంగడికి వీధి లేదు, షెడ్డు లేదు. మేము వదిలిన మూల క్షణంలో ఎవరివో సరుకులతో నిండిపోయింది. మా నిశ్శబ్దం మాకే వినిపించింది. మూడో రోజుకు గుంపులో గుసగుసలు మొదలయ్యేసరికి, ఉద్యమాన్ని ఉధృతం చేయాలని నేను నిర్ణయించాను. ధర్నా చేయాలంటే ఒక ఆఫీసు ఉండాలి. కంపెనీకి మా జిల్లాల్లో ఆఫీసు లేదు. దాని పేరున్న డబ్బాలు మాకు కనిపించేది ఒక్క కొరియర్ ఆఫీసులోనే. అలా జగిత్యాలలో టెంటు వేశాం.

కొరియర్ యజమాని బయటికి వచ్చి కాసేపు బ్యానర్ చదువుకున్నాడు. "అన్నా, నేనేం జేసిన?" అని అడిగాడు.

"నీ మీద కాదు తమ్మీ, కంపెనీ మీద."

"మరి నా షెటర్ ముందట ఎందుకు కూసున్నరు?"

"నువ్వు కంపెనీకి మా వైపు మొఖం అన్నట్టు."

"నా మొఖం కంపెనీ ఎన్నడన్న చూసిందా అన్నా? నాకు కూడ డబ్బాకింత అని కమిషనే గదా. అది కూడ మొన్న తగ్గించిన్రు." ఇట్లా అని లోపలికి వెళ్లాడు. మళ్లీ వచ్చి మాకు నాలుగు కుర్చీలు వేయించాడు. మధ్యాహ్నానికి తనూ వచ్చి మా టెంటులోనే కూర్చున్నాడు. తన దుకాణం ముందు తనే ధర్నా చేసిన మనిషిని చూడటం నాకదే మొదలు.

తర్వాత పోలీసు జీపు ఆగింది. ఎస్సై దిగి, "పర్మిషన్ ఉందా? ఎవల మీద ధర్నా?" అన్నాడు.

"ఆన్‌లైన్ కంపెనీ మీద సార్."

"గా కంపెనీ ఏడున్నది?"

నేను ఆలోచిస్తుండగా వెనకనుంచి కాక అన్నాడు, "ఫోన్ల ఉన్నది సార్."

ఎస్సై నవ్వాపుకుని, రోడ్డు మీదికి రాకుండా కూర్చోమని చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు జిల్లా పేజీలో మా ఫొటో పడింది. పిడికిలెత్తింది నేనొక్కణ్ణే. పక్కన కొరియర్ యజమాని కూడా ఉన్నాడు. ఆయన్ని మా సంఘం కార్యదర్శి అని రాశారు.

ఆ ఫొటో పడిన రోజే చెల్లె బస్సు దిగి టెంటు దగ్గరికి వచ్చింది. ముందురోజు రాలేదు, బిడ్డకు జ్వరం. నేను పేపరు చూపించబోయాను. ఆమె పేపరు చూడకుండా తన ఫోను నా చేతికిచ్చింది. "పొద్దుగాల అచ్చింది అన్నా. ఏందో సదువు. దుకాణం తెరుసుకుంటలేదు."

చదివాను. పాట నడుస్తున్న వస్తువులను మధ్యలో ఉపసంహరించుకుని, పాడినవారి నమ్మకాన్ని దెబ్బతీసినందుకు దుకాణాన్ని శాశ్వతంగా మూసేశామని ఉంది. కొత్త నియమాల్లో ఫలానా పేజీలో ఈ విషయం స్పష్టంగా చెప్పామనీ ఉంది. ఆ పేజీ నేను చదవకుండా వదిలేసిన వాటిలోది. నమ్మకాన్ని దెబ్బతీశారన్న మాట ఆమె గురించి రాశారు. తీసింది నేను.

"ఏమన్నడు అన్నా?"

అన్ని మంచిమాటలకు జరీ అంచులు వేసి చెప్పిన నోరు నాది. ఆ రోజు కూడా అదే పని చేసింది. "ఏం లేదు చెల్లె, జెర ఆపి పెట్టిన్రు. మాట్లాడి తెరిపిస్త" అన్నాను.

ఆమె నా కళ్లలోకి చూసింది. "శాశ్వతం అని నాకు సమజైంది అన్నా. పర్మనెంట్ అనే మాట నాకు తెలుసు. నువ్వేమంటవో అని ఇచ్చిన" అంది. తర్వాత టెంటులో కుర్చీ లాక్కుని మాతోపాటే కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. నినాదాలు ఇచ్చినప్పుడు తనూ చెయ్యెత్తింది. మైకు నా చేతిలో ఉంది, ఆమె వైపు తిరగకుండా మాట్లాడటానికి మెడ నొప్పి పుట్టింది.

తర్వాత చాలా ఉత్తరాలు రాశాను. తప్పు నాదనీ, ఆమెకు చెప్పింది నేననీ, నా దుకాణం మూసి ఆమెది తెరవమనీ రాశాను. ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు ఒకే జవాబు వచ్చేది: మీ అభిప్రాయం మాకు విలువైనది. నా అభిప్రాయానికి అంత విలువ ఉందని మా ఇంట్లో కూడా ఎవరూ ఎప్పుడూ అనలేదు.

నా దుకాణానికి మాత్రం ఏమీ కాలేదు. ఎవరూ పాట పాడని నాడెలను తీసేస్తే ఎవరి నమ్మకం దెబ్బతింటుంది? సమ్మెకు నాయకుణ్ణయిన నేను, నా సరుకు ఎవరికీ అక్కర్లేనందువల్ల బతికిపోయాను. కాక ఫోను నీళ్లలోంచి పొడిగానే బయటికి వచ్చింది. ఆయన పాటలన్నీ పూర్తయ్యాయి. నేను కోపంగా అడిగితే, "నేను నీ మాట ఇంట అని ఎన్నడన్న చెప్పిన్నా లీడర్ సాబ్? గా పిల్ల ఇన్నది. పాట నడుస్తున్నయి తీసింది, నిన్ను నమ్మింది అదొక్కతే" అన్నాడు. వారం తిరిగేసరికి ఒకరి తర్వాత ఒకరు పెరిగిన రుసుమే కట్టి సరుకు మళ్లీ పెట్టుకున్నారు. సమ్మెలో పోయేది సొమ్మే అనుకున్నాను, సిగ్గు కూడా పోతుందని తెలియదు. ఒక మధ్యాహ్నం నూలు దుకాణంలో ఎవరూ చూడకుండా నేను కూడా నాలుగు నాడెలు పెట్టాను. ఫోను జేబులో పెట్టుకుని, ఎవరైనా చూశారా అని వీధిలోకి తొంగి చూశాను. ఎవరు చూస్తారు? అది చప్పుడు చేసే వస్తువు కాదు.

కథలాపూర్ వెళ్లడానికి నాకు చాలా రోజులు పట్టింది. మధ్యలో కోరుట్లలో పని పడితే కూడా, దారిలో కథలాపూర్ తగలకుండా జగిత్యాల మీదుగా చుట్టు తిరిగి పోయాను. చివరికి మా ఆవిడ, "ఆ పిల్ల నిన్ను కొడుతదా, తిడుతదా? పో" అని పంపించింది.

చెల్లె వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపల గోడ పొడుగునా టేపులు, ఒకదాని మీద ఒకటి. ప్రతి దాని మీదా ఆ ఇంటివాళ్ల పూల గుడ్డ అలాగే ఉంది. నేను దారిలో కూడబలుక్కున్న మాట చెప్పాను. "నా దుకాణంల పెట్టి అమ్ముదాం చెల్లె. వచ్చింది వచ్చినట్టు నీకే."

ఆమె ఆకు కత్తిరిస్తూ, "మంచిమాటలు రాసినోళ్లందరు నా దుకాణం కింద రాసిన్రు అన్నా. నీ దుకాణంల నేనెవరు?" అంది. ఇంకో ఆకు తీసుకుని, "అట్లనే మా ఆయిన కూడ నీ ఇంటికే దిగుతడేమో" అని నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడామె, "ఒక్క పని చెయ్యి. గిప్పుడు ఆయిన తిండి టైము. ఎందుకు బందయిందో నువ్వే చెప్పు. నేను చెప్తె నా తప్పేమో అన్నట్టు అడుగుతున్నడు" అంటూ ఫోను కలిపింది.

తెరలో హెల్మెట్టు పెట్టుకున్న మనిషి కనిపించాడు, వెనక తెల్లటి గోడ. చెల్లె భర్త కాబట్టి నాకు బావ వరస. ఎన్నడూ చూసినవాడు కాదు.

"బావా, మంచిగున్నవా?" అన్నాడాయన ముందుగా.

"నాదే తప్పు బావా. చెల్లె వద్దన్నది. పాటలయినంక తీస్త అన్నది. నేనే అందర్ల అట్ల అని తీపిచ్చిన" అన్నాను. భీవండిలో కూడా నా గొంతు అంత చిన్నగా ఎప్పుడూ పలకలేదు.

"గట్లనా" అన్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. నాకు తిట్లు పడతాయనుకున్నాను, పడితే బాగుండేది. "సమ్మె అన్నంక ఎవనికో ఒకనికి తగుల్తది బావా. నువ్వు గంత మనసుల పెట్టుకోకు. ఈడ మేము సమ్మె అంటె నోరు మూపిచ్చి విమానం ఎక్కించి పంపుతరు. మీరన్న చేసిన్రు."

"అయితె నువ్వు కూడ చెయ్యి మరి. ఇంటికన్న అస్తవ్" అంది చెల్లె, పక్కనుంచి తలదూర్చి.

ఇద్దరూ నవ్వుకున్నారు. సముద్రానికి అటువైపు ఆయన, ఇటువైపు ఆమె, మధ్యలో ఫోను పట్టుకున్న నేను. నవ్వయ్యాక ఆయన మామూలుగా అన్నాడు, "మొన్ననే కఫీలుకు ఉంట అని చెప్పిన బావా. సంతకం అయిపోయింది. ఇంకో రెండేండ్లు." చెల్లె ఈ మాట ముందే విన్నట్టుంది. చాట తీసుకుని మళ్లీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఐదేళ్ల పిల్ల లోపలినుంచి పరుగెత్తుకొచ్చి, నా చేతిలోంచి ఫోను లాక్కుని, నాయినను తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను మైకు ముట్టుకోలేదు. గుంపులో ఎవరైనా "లీడర్ సాబ్" అంటే జవాబివ్వడం మానేశాను.

ఏడాది దాటాక, దసరాకు ముందు, ఒకరోజు నూలు దుకాణంలో ఉండగా బెంగళూరు నుంచి ఫోను వచ్చింది. అంగడి కంపెనీ కుర్రవాడు, చాలా మర్యాదగా హిందీలో మాట్లాడాడు. పండుగ అమ్మకాలకు చిన్న ఊళ్ల అమ్మకందార్ల గురించి వాళ్లు ఒక ప్రత్యేక పేజీ వేస్తున్నారట. నాడెల ఫొటోలు వాళ్ల డిజైనరుకు ఎంతో నచ్చాయట. వాటి పక్కన నేను నా సొంత భాషలో కొన్ని మాటలు రాసి పంపాలి. అంగడి వల్ల మీ జీవితం ఎలా మారిందో మనసులోంచి రాయండి అన్నాడు.

"మనసులోంచేనా?" అని అడిగాను.

"అవునండీ. మేము ఒక్క అక్షరం కూడా మార్చం. మీ భాషలో ఉంటేనే అందం."

"మీ దగ్గర తెలుగు చదివేవాళ్లు ఉన్నారా?"

"ఈ పేజీ చూసే టీములో ఎవరూ లేరు, కానీ ఇబ్బంది లేదు. మీరు పంపింది పంపినట్టు అతికిస్తాం."

నేను ఆ సాయంత్రమే బస్సెక్కి కథలాపూర్ వెళ్లాను. ఈసారి అడగకుండా చేయదలచుకోలేదు. విషయం చెబితే చెల్లె చుట్టే బీడీ చాటలో పెట్టింది.

"రాయి" అంది. "కని నా ఒక్కదాని కష్టం రాసి ఊకోకు. నీ తెలివితక్కువ కూడ రాయి."

"అది పడితే పేజీ సరిపోదు చెల్లె."

"చిన్నగ రాయి" అంది.

చిన్నగానే రాశాను. సిరిసిల్లలో నాడెలు అమ్మే నాకన్నా ఎంతో బాగా అమ్మిన మనిషి కథలాపూర్‌లో ఉందని రాశాను. ఆమె మోగని టేపులను మోగించి, ఇంటివాళ్లకు ఒక పాట వినిపించి తెచ్చేదని రాశాను. రుసుము పెంచినందుకు సమ్మె కట్టిన ఒక మూర్ఖుడు, నియమాలు పూర్తిగా చదవకుండా, ఆమె చేత పాట మధ్యలో సరుకు తీయించాడని రాశాను. ఆ మూర్ఖుడు తనదే తప్పని ఎన్ని ఉత్తరాలు రాసినా, మనిషన్నవాడెవడూ చదవకుండానే ఈ అంగడి ఆమె దుకాణాన్ని మూసే ఉంచిందని రాశాను. ఇంటికి రావాల్సిన ఆమె భర్త ఆ కారణంగా ఇంకా మస్కట్‌లోనే ఉన్నాడనీ, ఇక్కడ సరుకు పెట్టేముందు చివరి పేజీ దాకా చదువుకోండనీ, చదివాక వేరే దారి ఉంటే చూసుకోండనీ ముగించాను. కింద మూర్ఖుడు అని సంతకం చేశాను.

పేజీ పొద్దున్నే వచ్చింది. చుట్టూ బంతిపూల అంచు, పక్కన మా నాన్న నాడె, పైన మెరిసే అక్షరాలతో శుభాకాంక్షలు. తెలుగువాళ్లు ఆ అంగడి తెరిచినప్పుడల్లా ముందు అదే కనిపించేలా పెట్టారు. కుర్రవాడు ఫోను చేసి, మీ అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో, మా ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు అన్నాడు. అన్నీ గుండె లోంచి వచ్చినవే అన్నాను. చెల్లె ఆ పేజీని మస్కట్ పంపింది. అక్కడ గదిలో ఒక మెట్‌పల్లి మనిషి గట్టిగా చదువుతుంటే మిగిలినవాళ్లు అన్నం ముందు పెట్టుకుని విన్నారట. "మూర్ఖుడు" అన్న చోట బావ రెండోసారి చదివించుకున్నాడట.

సాయంత్రానికి తెలుగు తెలిసినవాళ్లెవరో వాళ్లకు చదివి చెప్పినట్టున్నారు. పేజీ తీసేశారు, నా దుకాణంతో సహా.